డ్యూడ్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అసలు అర్థమేంటి?

ఇప్పుడు స్నేహితుణ్ణి పిలవడానికి వాడుతున్నాం గానీ, ‘డ్యూడ్’ పుట్టింది వెక్కిరింతగా. 1883లో న్యూయార్క్‌లో, ఇంగ్లండ్ ఫ్యాషన్‌ను అనుకరిస్తూ బిగుతు ప్యాంటు, చేతికర్రతో షోకులు పోయే కుర్రాళ్లను పత్రికలు ఈ పేరుతో ఆటపట్టించాయి. ‘యాంకీ డూడుల్’ అనే పాత అమెరికా పాటలోని డూడుల్ అనే మాట నుంచే వచ్చిందన్న వాదన నాకు బలంగా అనిపిస్తుంది. ఏనుగు వెంట్రుకకు ఆ పేరన్నది మాత్రం ఉత్త పుకారు.

తర్వాత అమెరికా పశ్చిమాన, పల్లె పనులు తెలియని పట్నవాసి డ్యూడ్ అయ్యాడు. అలాంటివాళ్లు సరదాగా గడిపి వెళ్లే చోట్లే డ్యూడ్ రాంచ్‌లు. 1960ల్లో సర్ఫర్ల (సముద్రపు అలల మీద పలకతో జారే ఆటగాళ్ల) నోట పడ్డాక చనువు పెరిగింది. ఇప్పుడు అర్థమంతా గొంతులోనే: ‘డ్యూ...డ్’ అని సాగదీస్తే ఆశ్చర్యం, పొట్టిగా తెగ్గొడితే ‘ఇక ఆపరా బాబూ’ అని. అమ్మాయిలనూ అలాగే పిలుస్తున్నారు.