నైకా, నైకీయా? మూసారాంని అడగండి

సందేహం: మా మనవడి పుట్టినరోజుకి బూట్లు కొందామని దుకాణానికి వెళ్ళి, "నైక్ ఉన్నాయా బాబూ" అని అడిగాను. బైక్ అంటాం కదా, ఇదీ ఆ వరసే అనుకున్నాను. మనవడు అందరి ముందూ "పరువు తీయకు తాతయ్యా, అది నైకీ" అన్నాడు. ఇంటికొచ్చాక హ్యుందాయ్ అనడం కూడా తప్పేనని, సెల్‌ఫోన్ కంపెనీ పేరు షామీ కాదు షావ్‌మి అని క్లాసు పీకాడు. ఇలాంటి పేర్లకి సరైన ఉచ్చారణ అంటూ ఒకటి ఉంటుందా? అలాగే, "జిరాక్స్ తీయించాను" అని తెలుగులో రాయవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మలక్‌పేట

సమాధానం: ముందు మీ మనవడిని నా తరఫున ఒక మాట అడగండి. నైకీ అన్న పేరు ఎక్కడిది? గ్రీకుల విజయదేవతది. ఆ దేవత సొంత ఊరు ఏథెన్సులో ఇవాళ ఆ మాటను "నీకి" అంటారు. అమెరికావాళ్ళు తమ నోటికి అనువుగా దాన్ని నైకీ చేసుకున్నారు, మీరు మీ నోటికి అనువుగా నైక్ చేసుకున్నారు. అమెరికావాడు మారిస్తే స్టైలు, మలక్‌పేట తాతగారు మారిస్తే పరువు తక్కువ! ఈ లెక్క నాకు బోధపడదు. కంపెనీ పెట్టినవాళ్ళు "మా పేరు ఇలా పలకండి" అంటే ఆ మాటకు విలువ లేదని మాత్రం అనను.

హ్యుందాయ్‌కి కొరియా భాషలో ఆధునికం అని అర్థం, అక్కడివాళ్ళ పలుకు హ్యొన్‌దేకి దగ్గరగా ఉంటుంది. షావ్‌మి అంటే చైనా భాషలో కొర్రలు. కొర్రల్ని ఎలా పలికినా ఎవరి పరువూ పోదు. ఇక బాటా చెక్ దేశపు ఇంటిపేరు, ఆ దేశంలో బాట్యా అన్నట్టు వినబడుతుంది. మనవాళ్ళు మాత్రం చెప్పులు కదా, నడిచే బాట మీదుగా వచ్చిన పేరే అనుకుని దాన్ని ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు.

ఇంతటితో ఆపేయవచ్చు. కానీ మీరు ఉత్తరం రాసింది మలక్‌పేట నుంచి. అలాంటప్పుడు మీ పక్కనే ఉన్న మూసారాంబాగ్ సంగతి ఎత్తకుండా నా కలం ఊరుకోదు.

కొన్నాళ్ళ కిందట మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళుతున్నాను. న్యూ మార్కెట్ స్టేషన్ దాటాక పక్క సీటు కుర్రాడు ఫోన్లో "మూసారాంబాగ్‌లో దిగుతున్నా మామా" అన్నాడు. మూసా ఎవరు, రాం ఎవరు నాయనా అని అడగబోయి ఊరుకున్నాను. నా వయసువాడు ఇలాంటివి అడిగితే కుర్రాళ్ళు లేచి అవతలి పెట్టెలోకి పోతారు. నిజానికి ఆ పేరులో మూసా లేడు, రాముడూ లేడు. ఇద్దరూ కలిపి ఒకే ఒక్క ఫ్రెంచి సేనాని.

ఆయన 1755లో పుట్టి 1798లో పోయాడు. రెండో ఆసఫ్ జా, అంటే నిజాం అలీ ఖాన్, దగ్గర ఫ్రెంచి పద్ధతిలో సైన్యానికి తర్ఫీదు ఇచ్చాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోయించిందీ ఆయనే. ఆ కార్ఖానాని పాతబస్తీవాళ్ళు "తోప్ కా సాంచా" అనేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు చూస్తే మనం రేమండ్ అని చదువుతాం. ఫ్రెంచివాళ్ళు చివరి దకారాన్ని మింగేసి, దాని ముందున్న అచ్చును ముక్కుతో పలికి "రేమోఁ" అంటారు. పేరుకు ముందు మర్యాదకి చేర్చే మాట, మన శ్రీ లాంటిది, "మస్యో" అని వినబడుతుంది. ఇప్పుడు మస్యో రేమోఁ అని రెండుసార్లు గబగబా అనుకోండి. చెవిలో ఏం మిగిలింది? మ, స, ర, మ. హల్లులు నిలబడ్డాయి, అచ్చులు జారిపోయాయి. ఎరగని మాట చెవిన పడితే నాలుక తన ఇంట్లో ఉన్న మాటల్లోనే దానికి పోలిక వెతుక్కుంటుంది. మస్యోకి మూసా దొరికాడు. రేమోఁకి హిందువుల ఇళ్ళలో రాం దొరికాడు, ముస్లింల ఇళ్ళలో రహీం దొరికాడు. దీన్ని మా వాళ్ళు జనవ్యుత్పత్తి అంటారు. అలా ఒక ఫ్రెంచివాడు హైదరాబాదులో మూసా రాం, మూసా రహీం అయిపోయాడు. ఇంతకన్నా అందమైన తప్పు ఏ నిఘంటువులోనైనా ఉంటే నాకు చూపించండి!

ఆయన సమాధి మీ పేటలోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అన్న పొడి అక్షరాలు. ఒకప్పుడు అక్కడ ఏటా ఉర్సు జరిగేదంటారు. పేరు తప్పు పలికినవాళ్ళే దీపాలు పెట్టారన్నమాట.

ఇప్పుడు అదే పేరు సూటు గుడ్డ మీద ఉంది. ఆ గుడ్డకీ ఈ సేనానికీ చుట్టరికం లేదు, పేరొక్కటే. దాని చివర మనం సకారం తగిలించి "రేమండ్స్" అని అడుగుతాం. అక్షరాలు అవే. ఫ్రాన్సులో రేమోఁ, అబిడ్స్ బట్టల కొట్లో రేమండ్స్, మెట్రోలో రాం. ఇందులో ఏది తప్పు? మనం రేమోఁని రాం చేస్తే, ఇంగ్లీషువాళ్ళు మన తిరుమలగిరిని ట్రిమల్గెరీ చేసి కంటోన్మెంటు బోర్డుల మీద రాసుకున్నారు. ఏ తెల్లదొర మనవడైనా "పరువు తీయకు తాతయ్యా" అన్నట్టు నేను వినలేదు. అంత దూరం ఎందుకు, మన తద్భవాలన్నీ ఇలా పుట్టినవే. యాత్ర జాతర అయింది, యోగి జోగి అయ్యాడు, లక్ష్మి లచ్చి అయింది. ఇవి తప్పులైతే సగం తెలుగు కావ్యాలు కొట్టేయాలి.

నా కోపమల్లా వేరే. నైకీలో ఈకారం జారితే విలవిల్లాడే కుర్రాళ్ళకి తెలుగులో ళకారం పోతున్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నేత్రదాన పక్షోత్సవాల రోజుల్లో ఒక టీవీ ఛానెల్ వ్యాఖ్యాత "మరణానంతరం మీ కల్లు దానం చేయండి" అని ఎంతో ఆర్ద్రంగా పిలుపునిచ్చింది. తాటిచెట్టు గీసేవాళ్ళు విని ఉంటే ఎంత హడలిపోయేవారో! నీళ్ళు "నీల్లు" అయ్యాయి, పళ్ళు "పల్లు" అయ్యాయి. రాం అయిన రేమోఁకి ఒక ఇల్లు దొరికింది. కల్లు అయిన కళ్ళకి దొరికింది కల్లు కాంపౌండు. మీ మనవడిని ఒకసారి "మా వాళ్ళ పెళ్ళిలో నీళ్ళు చల్లారు" అని పలకమనండి. గట్టెక్కితే ఆ నైకీ బూట్లు సంతోషంగా కొనివ్వండి.

సరే, తీర్పు అడిగారు కాబట్టి చెబుతాను. మనిషి పేరైతే ఆ మనిషినే అడిగి, ఆయన పలికినట్టు పలకడం మర్యాద. సరుకు పేరైతే కొట్టువాడికి అర్థమైతే చాలు. మీరు నైక్ అన్నారు, అతను పెట్టె తీసి చూపించాడు, భాష చేయాల్సిన పని అక్కడికి అయిపోయింది. రాసేటప్పుడు మాత్రం నైకీ, హ్యుందాయ్ అని స్థిరపడ్డ రూపాలు వాడితే చదివేవాడికి తడుముకునే పని ఉండదు. హ్యుందాయ్‌ని కొరియా పలుకుకి దగ్గరగా దిద్దాలా వద్దా అంటే, నాకు వద్దనే అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళు పోయాక జనం ఏమంటారో అప్పుడు చూద్దాం.

ఇక జిరాక్స్. నిరభ్యంతరంగా రాయవచ్చు. గ్రీకులో "పొడి" అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది, తడి రసాయనాలు లేకుండా నకలు తీసే పద్ధతి కనుక. దీనికి తెలుగులో ఛాయాప్రతి అన్న మాట ఉంది. కోఠీలో ఒక కొట్టు ముందు నిలబడి, "ఈ కాగితానికి రెండు ఛాయాప్రతులు ఇవ్వండి" అని నేనూ ఒకసారి అడిగి చూశాను. "ఫోటోలైతే పక్క షాపు సార్" అన్నాడు.