ఊసరవెల్లి నోరు తెరిచి ఆయాసపడుతోంది, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయొచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఏడాదిన్నర వయసున్న మగ ఊసరవెల్లి, వెయిల్డ్ అనే జాతిది, నాలుగు రోజులుగా ముక్కు పైకెత్తి నోరు తెరిచి గాలి పీలుస్తోంది. నోటి మూలల్లో బుడగలు వస్తున్నాయి, తిండి సగానికి తగ్గింది. ఉండేది గాజు తొట్టెలో. రాత్రంతా ఫాగర్ (నీటిని పొగమంచులా చేసి వదిలే యంత్రం) నడుస్తుంది, రాత్రిపూట గది వేడి 25 డిగ్రీల సెల్సియస్. మీరు అడిగినవి రెండు: బేట్రిల్ అనే యాంటీబయాటిక్ పాత సీసాలో మిగిలింది వేయొచ్చా, గొంతు ఎండిపోకుండా ఫాగర్ ఇంకా పెంచాలా. రెండూ వద్దు. మందు సంగతి డాక్టర్ చూసుకుంటారు కానీ ఫాగర్ సంగతి మీ చేతిలోనే ఉంది, చాలామంది పొరబడేదీ అక్కడే. కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇది ఊపిరితిత్తుల జబ్బేనా అన్నది తేలాలి. వేడినిచ్చే దీపం కింద కూర్చుని నోరు కాస్త తెరవడం ఒంటి వేడి తగ్గించుకోవడానికి, నీడకు జరగగానే మూసేస్తుంది. మనిషిని చూసి బుసకొడుతూ నోరు చాపితే అది బెదిరింపు. ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లగా పొడిలా కట్టేది ఒంట్లోంచి బయటికి పోయే ఉప్పు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. గుడ్లతో ఉన్న ఆడదానికి గుడ్లు ఊపిరితిత్తుల్ని నొక్కి ఆయాసం వస్తుంది. కాల్షియం చాలక ఎముకలు మెత్తబడితే పక్కటెముకలు గట్టిగా కదలక కూడా ఊపిరి బరువవుతుంది. మీరు చెప్పిన లక్షణాలు వీటిలో దేనికీ సరిపడవు. దీపం ఆర్పాక చల్లని కొమ్మ మీద కూడా ముక్కు పైకే ఉండటం, బుడగలు, ఊపిరిలో చిటపటమనో పిల్లికూతల్లాగో చప్పుడు, పగలే కళ్లు మూసుకోవడం, ఇవి కలిసి కనిపిస్తే ఊపిరితిత్తుల జబ్బే, ఇక ఆలోచించేదేమీ లేదు. గొంతు కింద ఉబ్బు వచ్చిందేమో కూడా చూడండి. ఈ జాతిలో శ్వాసనాళం కింద చిన్న గాలితిత్తి ఒకటి ఉంటుంది, జబ్బు అందులోకి పాకితే చీము నిలిచి ఉబ్బుతుంది.

మనం దగ్గితే కఫం బయటపడుతుంది. ఊసరవెల్లికి డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద మనకుండే కండరపు పొర, లేదు, మనలా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. ముక్కు పైకెత్తేది అందుకే, కఫం కిందికి దిగి గాలికి దారి దొరుకుతుందని. పైగా సరీసృపాల చీము నీళ్లలా ఉండదు, జున్నుముక్కలా గట్టిపడి కదలకుండా కూర్చుంటుంది. అందుకే 'రెండు రోజులు చూద్దాం' అనే మాట ఇక్కడ పనికిరాదు. ఒంట్లో బాగోలేదన్న సంగతి ఇవి చేతనైనంతకాలం దాస్తాయి, బుడగలు కనిపించే వేళకు జబ్బు కొత్తది కాదు.

ఇక ఫాగర్. రాత్రి పొగమంచు ఊసరవెల్లికి మంచిదన్న మాట నిజమే, కానీ దానికి ఒక షరతు ఉంది: గాలి చల్లగా ఉండాలి, ఆడుతూ ఉండాలి. గది 20 డిగ్రీల కిందికి దిగినప్పుడే ఫాగర్ నడపాలన్నది పెంపకందారులు పాటించే హద్దు. 25 డిగ్రీల్లో, కదలని గాలిలో, అద్దాలు చెమర్చేంత తడి ఉంటే బ్యాక్టీరియాకు, బూజుకు అంతకన్నా ఏం కావాలి? ఫాగర్ చేసే తుంపరలు చాలా సన్నం, ఆకుల మీద ఆగకుండా ఊపిరితోపాటు లోపలికి పోతాయి. ఫాగర్ తొట్టిలో, గొట్టంలో వేలికి జిగటగా తగిలే పొర ఉంటే అందులో సూడోమొనాస్ లాంటి క్రిములు కాపురం పెట్టాయనే అనుకోవాలి. రాత్రంతా ఆ నీటినే పొగచేసి ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నట్టు లెక్క.

జబ్బుగా ఉన్నప్పుడు ఇంకో చిక్కు. ఒళ్లు వెచ్చగా ఉంటేనే రోగనిరోధక శక్తి పనిచేస్తుంది, మందు ఒంట్లో సరిగా పాకుతుంది. సరీసృపాలకు డోసులు లెక్కగట్టేదే అవి వాటి సరైన వేడిలో ఉంటాయన్న లెక్కతో. కాబట్టి జబ్బు తగ్గేదాకా రాత్రి 22 నుంచి 24 డిగ్రీలు ఉంచాలి. అంత వెచ్చని రాత్రిలో ఫాగర్ ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపి చూడకపోవడంవల్లే కొందరు ఈ సలహా విని రాత్రి వేడి పెంచుతారు, ఫాగర్ మాత్రం ఆపరు, వారం తిరిగేసరికి ఊసరవెల్లి ఇంకా దిగజారుతుంది, తప్పు మందు మీదకు పోతుంది.

ఈ రోజే చేయాల్సిన పని: ఫాగర్ తీసేయండి. వీలైతే నాలుగువైపులా జాలీ ఉన్న పెట్టెకు మార్చండి. అది లేకపోతే గాజు తొట్టె పైకప్పు జాలీ మీద కప్పినవన్నీ తీసేసి, ముందు తలుపు అడుగున గాలిసందు తెరిచి ఉందో లేదో చూడండి. అడుగున మట్టి, కొబ్బరిపీచు ఉంటే తీసి కాగితపు తువ్వాళ్లు పరచండి. తడి తెలుస్తుంది, రెట్ట కూడా కనిపిస్తుంది. కొమ్మల్లో రెండుమూడు ఏటవాలుగా కట్టండి, తల ఎత్తుగా పెట్టి పడుకోవడానికి. ఎత్తైన కొమ్మ మాత్రం తీయకండి, కిందికి దింపితే బెదురుతుంది. పట్టు తప్పి పడితే దెబ్బ తగలకుండా కింద ఆకులున్న మొక్క ఒకటి పెడితే చాలు.

వేడి: దీపం కింద వీపు ఉండే ఎత్తులో 30 నుంచి 32 డిగ్రీలు, పెట్టెలో మిగతా చోట 24 నుంచి 26. ఇవి పెద్ద మగదానికి చెప్పే లెక్కలు, ఆడదానికి దీపం కింద 27 దగ్గర ఆపాలి. జాక్సన్ లాంటి కొండజాతులకు డాక్టర్‌నే అడగండి, వాటికి ఇంత వేడి పనికిరాదు. కొలత వైరు కొసన సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తో తీసుకోండి, గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి. రాత్రి వేడికి వెలుతురు రాని సిరామిక్ హీటర్‌ను పెట్టె బయట, జాలీకి పైన, థర్మోస్టాట్‌తో కలిపి పెట్టండి. థర్మోస్టాట్ సెన్సర్ అది పడుకునే కొమ్మ దగ్గర ఉండాలి. ఎర్రబల్బు వద్దు, నిద్ర చెడుతుంది. జాలీకి మరీ దగ్గరగా పెడితే తలమీది కిరీటం కాలుతుంది, కాలుతున్నా ఇవి కదలవు. పన్నెండు గంటల చీకటి మామూలుగానే ఇవ్వాలి. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే) ట్యూబ్ ఏడాది దాటితే, వెలుగు బాగానే ఉన్నా, మార్చండి.

నీళ్లు ఆపమని అనడం లేదు, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. ఒంట్లో నీరు తగ్గితే కఫం చిక్కబడుతుంది, కొన్ని యాంటీబయాటిక్‌లు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మార్చాల్సింది వేళ. దీపం వెలిగి పెట్టె వెచ్చబడ్డాక, గోరువెచ్చని నీటితో ఆకుల మీద రెండు నిమిషాలు పిచికారీ చేయండి, మొహం మీద కాదు. గంట, రెండు గంటల్లో ఆకులు పూర్తిగా ఆరాలి, ఆరకపోతే గాలి చాలడం లేదని గుర్తు. మధ్యాహ్నం అరగంటసేపు సెకనుకో చుక్క పడేలా డ్రిప్పర్ పెట్టండి. పగటి తేమ 40, 50 శాతం దగ్గర ఉంటే చాలు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగినా, కళ్లు లోపలికి పోయినా నీళ్లు చాలలేదు, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి, అవసరమైతే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు. సిరంజీతో నోట్లో నీళ్లు కొట్టడం, స్నానాల గదిలో షవర్ కింద పెట్టడం, నీటి గిన్నెలో ముంచడం, ఆవిరి పట్టడం, ఘాటు బామ్ పూయడం, ఇవేవీ వద్దు. ఆయాసంలో ఉన్నదానికి ఒక్క చుక్క గాలిగొట్టంలోకి పోయినా న్యుమోనియా ముదురుతుంది.

పాత బేట్రిల్ ఎందుకు వద్దంటే, దాన్లో ఉండే ఎన్రోఫ్లాక్సాసిన్ మంచి మందే, ఊసరవెల్లులకు వాడతారు కూడా. కానీ మీ దగ్గరున్న సీసా ఎంత గాఢతదో, తెరిచి ఎన్నాళ్లయిందో తెలియదు. ఇంజెక్షన్ రకం కండను కాల్చినట్టు చేస్తుంది, పొడిచిన చోట చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. అన్నిటికన్నా పెద్ద నష్టం, మీరు ముందే రెండు డోసులు వేస్తే డాక్టర్ తీసే నమూనాలో క్రిములు సరిగా పెరగవు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. అసలు కారణం బూజు అయితే యాంటీబయాటిక్ ఎంత వేసినా తగ్గదు.

సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి రేపే తీసుకెళ్లండి. కుక్కల డాక్టరే దొరికితే ఆయన ద్వారానే సరీసృపాల నిపుణుడితో మాట్లాడించమని అడగండి. అడగాల్సినవి: యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నోటిలోంచో శ్వాసనాళంలోంచో నమూనా తీసి కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష (క్రిములను పెంచి ఏ మందుకు లొంగుతాయో చూడటం), ఎక్స్‌రే, గ్రాముల్లో తూకం. పరీక్ష ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది, అందాకా ఒక మందు మొదలుపెట్టి తర్వాత మార్చడం మామూలే, కంగారుపడకండి. తీసుకెళ్లేటప్పుడు చిన్న పెట్టెలో అడ్డంగా ఒక పుల్ల బిగించి, పైన గుడ్డ కప్పండి. మీ పెట్టె ఫొటో, రాత్రీపగలూ వేడి, తేమ లెక్కలు, దీపాల వివరం, ఇచ్చే విటమిన్ పొడుల పేర్లు తీసుకెళ్లండి. ఎ విటమిన్ తక్కువైతే ఊపిరిదారుల లోపలి పొర మొద్దుబారి జబ్బు పదేపదే వస్తుంది, అందుకే ఆ పొడి వివరం కావాలి. అలాగని సొంతంగా ఎ విటమిన్ పెంచకండి, ఎక్కువైతే విషమే.

తరచూ రాసే మరో మందు సెఫ్టాజిడిమ్, ఇంజెక్షన్. సాధారణంగా మూడు రోజులకొకసారి పడుతుంది, అందుకే ఇంట్లో చేసేవాళ్లకు ఇది తేలిక. డోసులను సిరంజీల్లో నింపి ఫ్రీజర్‌లో దాచమంటారు. ఒకటి తీసి అరచేతిలో కరిగించి వేయాలి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, మైక్రోవేవ్ అసలే వద్దు. ముందుకాలి పైకండలో, ఒకసారి కుడి ఒకసారి ఎడమ, డాక్టర్ చూపించిన చోటే. నోటి మందు అయితే మెడ పట్టి నోరు విప్పదీయకండి, దవడ దెబ్బతింటుంది. చేతిమీద తల పైకి ఉండేలా నిలబెట్టి, ఎదురుగా వేలు చూపితే చాలాసార్లు బెదిరించడానికి తనే నోరు తెరుస్తుంది. అప్పుడు సూది లేని 1 మి.లీ. సిరంజీతో చెంప పక్కన చుక్క వేసి, మింగాక ఇంకో చుక్క. గొంతులోకి చిమ్మితే చాలా ప్రమాదం.

నెబ్యులైజర్ (మందును సన్నటి తుంపరగా చేసి పీల్పించే యంత్రం) డాక్టర్ చెబితేనే. 0.9 శాతం స్టెరైల్ సెలైన్, అందులో ఆయన రాసిన మందు, గాలిసందులున్న ప్లాస్టిక్ పెట్టెలో పుల్ల మీద కూర్చోబెట్టి 10, 15 నిమిషాలు, వెచ్చని గదిలో. కప్పును ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి, లేకపోతే అది ఇంకో మురికి ఫాగర్.

తిండి గురించి ఎక్కువ దిగులు వద్దు. పెద్ద ఊసరవెల్లి కొన్ని రోజులు తినకపోయినా ఓర్చుకుంటుంది, చల్లగా ఎండిపోయి ఉన్నదానికి బలవంతాన పెడితేనే ప్రాణం మీదికి వస్తుంది. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. పట్టుపురుగుల్లాంటి మెత్తనివి, కదిలేవి చూపించి వదిలేయండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద పుల్ల స్టాండు పెట్టి రెండు రోజులకొకసారి తూకం రాయండి. 150 గ్రాములది 135కు దిగితే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మందు మొదలైన వారంలోగా చప్పుడు తగ్గాలి, పగలు కళ్లు తెరిచి ఉండాలి. అలా కనిపించగానే మందు ఆపేయడం రెండో పెద్ద పొరపాటు. ఆ జున్నులాంటి చీము కరగడానికి వారాలు పడుతుంది, రాసిన డోసులన్నీ పూర్తిచేసి మళ్లీ ఎక్స్‌రే తీయించాకే ఆపాలి. నోరు మూయకుండా ఊపిరి తీస్తుంటే, నోటి లోపల పాలిపోయి బూడిద రంగో నీలమో కనిపిస్తే, కొమ్మ పట్టు వదిలి కింద పడితే మాత్రం మర్నాటిదాకా ఆగకండి.

డాక్టర్ ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయన్నాక రాత్రి వేడిని ఒక్కసారి కాకుండా మూడు రోజులకో డిగ్రీ చొప్పున దించండి. ఫాగర్ తొట్టి, గొట్టం క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంలో నానబెట్టి, మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి దాచండి. మీ గది రాత్రి 20 డిగ్రీల కిందికి దిగితేనే మళ్లీ బయటికి తీయండి. దిగకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, పొద్దున రెండు నిమిషాల పిచికారీ, పగలు డ్రిప్పర్‌తోనే మీ ఊసరవెల్లికి గడిచిపోతుంది.