పాఠకుల ప్రశ్నలు: మా బాబు మాట దగ్గర ఆగిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకు త్వరలో నాలుగేళ్లు నిండుతాయి. రెండేళ్లకే చక్కగా మాట్లాడిన పిల్లవాడు సుమారు ఎనిమిది నెలలుగా తడబడుతున్నాడు. ‘బ... బ... బ... బంతి’ అంటూ మొదటి అక్షరాన్నే నాలుగైదుసార్లు పలుకుతాడు. ఈ మధ్య నోరు తెరిచినా మాట బయటికి రాక కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు. మావారికి చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. అందుకేనేమో, ఆయన బాబును ప్రతిసారీ ఆపి ‘నెమ్మదిగా మళ్లీ చెప్పు’ అంటారు. పెద్దయితే అదే పోతుందని మా అత్తగారు, నాలుక కింద కోయించమని బంధువులు చెబుతున్నారు. నేను తిరిగి ఉద్యోగంలో చేరిన నెలలోనే ఇది మొదలైంది కనుక తప్పు నాదేనేమోనని దిగులుగా ఉంది. వాడి ఎదుట ప్రస్తావిస్తే ఎక్కువవుతుందన్న భయంతో ఆ మాటే ఎత్తడం లేదు. మేము ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: మీరు ఉద్యోగంలో చేరడం వల్ల మీ బాబుకు నత్తి రాలేదు. ముందుగా ఆ దిగులును పక్కన పెట్టండి. నత్తి చాలామంది పిల్లల్లో రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్యనే, అంటే పొడి పొడి మాటల నుంచి పెద్ద వాక్యాలకు ఎదిగే వయసులోనే, మొదలవుతుంది. ఆ వయసులో చెల్లెలు పుట్టడమో, ఇల్లు మారడమో, బడిలో చేరడమో ఏదో ఒక మార్పు ప్రతి ఇంట్లోనూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి, తల్లిదండ్రులు ఆ మార్పునే కారణంగా భావించి తమను తాము నిందించుకుంటారు. అలసట, తొందర, పట్టరాని ఉత్సాహం ఉన్న నత్తిని ఆ పూటకు పెంచవచ్చు గాని, పెంపకంలోని లోపం వల్ల నత్తి పుట్టదు. మాటకు కావలసిన కదలికలను సరైన క్షణంలో సమన్వయం చేసే మెదడు భాగాల్లోనూ, వాటిని కలిపే నాడీమార్గాల్లోనూ ఉండే సూక్ష్మమైన తేడాలు దీనికి మూలమని పరిశోధనలు చూపుతున్నాయి. ఇది కుటుంబాల్లో తరతరాలుగా కనిపించడానికి వంశపారంపర్యం ఒక ముఖ్య కారణం. నత్తితో సంబంధమున్న కొన్ని జన్యువులను 2010లో గుర్తించారు కూడా.

నాలుక కోయించే ఆలోచనను దయచేసి మానుకోండి. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నత్తి ఉన్నవారి నాలుక నుంచి కొంత భాగాన్ని కోసి తీసే చికిత్స ప్రారంభించాడు. దాన్ని అనుసరించిన వైద్యులు కొద్దికాలానికే దాన్ని వదిలేశారు, రోగులకు బాధ మాత్రం మిగిలింది. మీ బాబు పాట పాడుతున్నప్పుడు, లేదా మీతో గొంతు కలిపి ఒక పద్యం చెబుతున్నప్పుడు గమనించండి. నత్తి ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ సమయంలో తడబడరు. అదే నాలుకతో అవే అక్షరాలను సాఫీగా పలుకుతున్నాడంటే లోపం నాలుకలో లేదని అర్థం.

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. ప్రతి 100 మంది పిల్లల్లో కనీసం 5 మందికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అది కాలక్రమంలో పోతుంది. పెద్దవారిలో నత్తి ఉన్నవారు సుమారు నూటికి ఒకరే. అయితే ఎవరికి పోతుందో, ఎవరికి మిగులుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేము. మిగిలిపోయే అవకాశాన్ని సూచించే అంశాలు కొన్ని ఉన్నాయి: మగపిల్లవాడు కావడం, పెద్దయ్యాక కూడా నత్తి ఉన్న దగ్గరి బంధువు ఉండటం, మొదలై ఆరు నెలలు దాటడం. ఈ మూడూ మీ బాబుకు వర్తిస్తున్నాయి. పైగా ‘నాకు నాకు బంతి కావాలి’ అని మాట మొత్తాన్ని తిరిగి చెప్పడం ఆ వయసు పిల్లలందరిలో ఉండేదే కాని, మొదటి అక్షరం దగ్గరే చిక్కుకోవడం, మాట రాక కళ్లు బిగించడం అలాంటివి కావు. మాట కోసం తాను పెనుగులాడుతున్నట్లు మీ బాబుకు తెలుస్తోంది. అందుకే ఇంకొక ఏడాది వేచి చూడమని నేను చెప్పను. ఈ నెలలోనే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. నత్తి కొన్ని రోజులు తగ్గి మళ్లీ పెరుగుతుంది, కొత్తవారి ముందు ఒక్కోసారి అసలు కనిపించదు. కనుక ఇంట్లో మామూలుగా మాట్లాడుతున్నప్పుడు రెండు మూడు చిన్న వీడియోలు తీసి తీసుకువెళ్లండి.

ఆరేళ్లలోపు పిల్లలకు ఇచ్చే శిక్షణలో తల్లిదండ్రులదే ప్రధాన పాత్ర. ఒక పద్ధతిలో పిల్లవాడి చుట్టూ ఉన్న సంభాషణ వేగాన్ని, ఒత్తిడిని తగ్గిస్తారు. సిడ్నీలో రూపొందిన లిడ్‌కోంబ్ పద్ధతిలో, రోజూ కొద్దిసేపు సాగే సంభాషణలో సాఫీగా వచ్చిన మాటలను తల్లి లేదా తండ్రి మెచ్చుకుంటారు; దీన్ని థెరపిస్టు దగ్గర నేర్చుకున్న తరువాతే చేయాలి. ఈ రెండు మార్గాలనూ పోల్చి నెదర్లాండ్స్‌లో జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. ఏడాదిన్నర తరువాత ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయి. కనుక ఏ పద్ధతి అన్న విచారం కంటే, అనుభవమున్న థెరపిస్టు దొరకడం, మీరు క్రమం తప్పకుండా పాటించడం ముఖ్యం. పిల్లల నత్తికి ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. ఇన్ని వారాల్లో పూర్తిగా పోగొడతామని హామీ ఇచ్చేవారి దగ్గరికి వెళ్లకండి.

ఇక మీవారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన ప్రేమతోనే, తాను పడిన బాధ కొడుకు పడకూడదనే అలా అంటున్నారు. కానీ ‘నెమ్మదిగా చెప్పు’, ‘ఊపిరి తీసుకో’, ‘మళ్లీ చెప్పు’ అన్న ప్రతిసారీ, తాను చెప్పిన విషయం ఎవరికీ పట్టలేదని, చెప్పిన తీరే తప్పయిందని పిల్లవాడికి అనిపిస్తుంది. తన చిన్నతనంలో ఎవరైనా మధ్యలో ఆపి సరిదిద్దినప్పుడు ఎలా ఉండేదో ఆయన్నే గుర్తు చేసుకోమనండి. బాబును నెమ్మదించమనడానికి బదులు మీరిద్దరూ మీ మాటల వేగాన్ని తగ్గించుకోండి. వాడు చెప్పడం పూర్తయ్యాక ఒక క్షణం ఆగి జవాబివ్వండి. వాడి వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. మాట చిక్కుకున్నప్పుడు చూపు తిప్పుకోకుండా, తొందర కనబరచకుండా, విషయం వినాలన్న ఆసక్తితో ఉండండి. వరుస ప్రశ్నలు తగ్గించి, వాడు ఆడుతున్న ఆట గురించి మీరే ఏదైనా అంటే, మాట్లాడాలో వద్దో వాడే నిర్ణయించుకుంటాడు. వారంలో కొన్ని రోజులైనా ఫోనూ టీవీ లేకుండా, ఐదు నిమిషాలు వాడొక్కడితోనే, వాడు ఎంచుకున్న ఆటలో గడపండి. ఇంట్లో రెండు భాషలు ఉంటే ఒకటి మానేయనక్కరలేదు. రెండు భాషలు మాట్లాడటం వల్ల నత్తి రాదు.

మీవారు చేయగలిగినది ఇంకొకటి ఉంది, అది నేను గాని మీరు గాని చేయలేనిది. తనకు నత్తి వచ్చినప్పుడు దాన్ని దాచకుండా, మాట మార్చుకోకుండా, చెప్పదలచినదాన్ని కొడుకు ముందు పూర్తిగా చెప్పడం. నత్తి ఉన్నా నాన్న మాట్లాడతాడని, నాన్న మాటను అందరూ వింటారని పిల్లవాడికి అంతకంటే బాగా తెలియజేసేది నాకు కనిపించడం లేదు.

ప్రస్తావిస్తే పెరుగుతుందన్న మీ భయానికి ఒక చరిత్ర ఉంది. నత్తి అని పేరు పెట్టడమే నత్తిని పుట్టిస్తుందని వెండెల్ జాన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త భావించాడు. 1939లో ఆయన పర్యవేక్షణలో అయోవాలోని ఒక అనాథాశ్రమంలో, బాగా మాట్లాడే కొందరు పిల్లలకు ‘మీ మాట సరిగా లేదు’ అని పదేపదే చెప్పారు. ఎంతో క్రూరమైన ప్రయోగం అది. జాన్సన్ పనిచేసిన అయోవా విశ్వవిద్యాలయం 2001లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ పిల్లలకు నత్తి పట్టుకోలేదని తరువాతి విశ్లేషణలు తేల్చాయి, కానీ వారిలో కొందరు మాట్లాడటానికే భయపడి ముడుచుకుపోయారు. అంటే హాని చేసింది ప్రస్తావన కాదు, తప్పుపట్టడం. బాబు మాట కోసం ఎక్కువగా కష్టపడిన రోజున ‘ఆ మాట రావడానికి కష్టమైంది కదా నాన్నా, ఫర్వాలేదు, నేను వింటున్నాను’ అని మామూలు గొంతుతో అనండి. ఇంట్లో ఎవరూ ఎత్తని విషయాన్ని పిల్లలు సిగ్గుపడవలసినదిగా అనుకుంటారు.

ప్రశ్న: నేను ఒకటో తరగతి ఉపాధ్యాయురాలిని. నత్తి ఉన్న ఒక పాప హాజరు పలకడానికే ఇబ్బంది పడుతోంది, ఇద్దరు ముగ్గురు పిల్లలు అనుకరిస్తున్నారు. ఆమెను ప్రశ్నలు అడగకుండా వదిలేయడం మంచిదా?

జవాబు: వదిలేయకండి. తనను ఎందుకు అడగడం లేదో ఆ పాపకు అర్థమవుతుంది. ఎలా ఉంటే తేలికగా ఉంటుందో ముందు ఆమెనే విడిగా అడగండి. తన వంతు కోసం ఎదురుచూసేకొద్దీ గుబులు పెరుగుతుంది కాబట్టి, ఆమె కోరితే మొదట్లోనే పిలవండి. హాజరుకు చేయి ఎత్తినా చాలునని తరగతి మొత్తానికీ చెప్పండి; పాఠం చదివించేటప్పుడు ఇద్దరిద్దరితో కలిపి చదివించండి, గొంతు కలిసినప్పుడు తడబాటు బాగా తగ్గుతుంది. అనుకరించే పిల్లలను ఆమె లేనప్పుడు పిలిచి, కొందరికి మాట రావడానికి ఎక్కువ సమయం పడుతుందని, అది ఆమె కావాలని చేస్తున్నది కాదని, వెక్కిరించడాన్ని ఈ తరగతిలో అనుమతించనని స్పష్టంగా చెప్పండి. తల్లిదండ్రులను కలిసి, స్పీచ్ థెరపిస్టుకు చూపించారో లేదో కనుక్కోండి. ఇప్పటికే చూపిస్తుంటే, తరగతిలో ఏమి పాటించాలో ఆ థెరపిస్టు నుంచే తెలుసుకోండి.