ఫీజు కట్టే ముందు ఫ్యాక్టరీ చూపించండి

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. పరిశ్రమల్లో కరెంటు, నీరు, ముడిసరుకు వృథా తగ్గించడంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆరు నెలల ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా బాధ్యతలు) సర్టిఫికెట్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరమంటున్నాను. ఏది మేలు?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ, ముప్పై ఏళ్లొచ్చినా అమ్మాయి మీ మీదే ఆధారపడుతుందేమోనన్నది మీ అసలు దిగులు. చాలామంది తండ్రుల ఉత్తరాల్లో ఇదే చూస్తున్నాను. ఐఐటీలో ఫెలోషిప్‌తో సీటు వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు ఇస్తారు. తన ఖర్చులు తాను చూసుకోగలదు, ధైర్యంగా ఉండండి.

సర్టిఫికెట్ మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. షేర్ మార్కెట్లో విలువను బట్టి మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఈ బాధ్యతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇచ్చి తీరాలని, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. ఆ గిరాకీని చూసి ఈ కోర్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. చాలావాటిలో నేర్పేది నివేదికలో గడులు నింపడం. గడిలో వేసే అంకె ఏ మీటరు నుంచి వచ్చిందో తెలియనివారు ఈ రంగంలో ఎంతకాలం నిలబడతారు?

భోజన విరామంలో, యంత్రాలన్నీ ఆగిన షెడ్డులో ఒకసారి నిలబడండి. పైపుల అతుకుల దగ్గర గాలి బుస్సుమంటూ పోతుంటుంది. ఎవరికీ అక్కరకురాని ఆ గాలి కోసం కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. అవసరం లేని వేళ ఫ్యాను వేగం ఐదో వంతు తగ్గిస్తే కరెంటు దాదాపు సగం మిగులుతుంది. ఇది ఇంజినీర్లకు తెలుసు. అయినా చేయరు. కరెంటు బిల్లు ఒక విభాగానిది, మరమ్మతు ఖర్చు ఇంకో విభాగానిది, ఉత్పత్తి ఆగితే మాట పడేది మరొకరు. ఈ చిక్కుముడి విప్పడమే మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పరిశోధన. ఆదా చేసింది చివరికి ఎటు పోతుందన్నదీ అందులో భాగమే. ఆవిరి యంత్రాలు మెరుగై బొగ్గు ఆదా చేసినకొద్దీ బ్రిటన్‌లో మొత్తం బొగ్గు వాడకం పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే రాశాడు.

మీరు నొచ్చుకున్నా ఒక మాట చెప్పాలి. మీ జిల్లాలోనే సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు రంగానికి కేంద్ర ప్రభుత్వం 2012లోనే ప్యాట్ అనే పథకం కింద ఇంధన ఆదా లక్ష్యాలు పెట్టింది. కోర్సు ఫీజులు ఇంత శ్రద్ధగా వాకబు చేసిన మీరు, అమ్మాయిని ఒక్కరోజైనా వాటిలోకి తీసుకెళ్లారా? ఆమె ఏం చదవాలనుకుంటోందో కూర్చుని విన్నారా?

వీలైతే ముందు ఒక ఏడాది ఎనర్జీ ఆడిట్ పనిలో, అంటే ఫ్యాక్టరీలో ఇంధనం ఎక్కడెంత వృథా అవుతోందో లెక్కతేల్చే పనిలో చేరమనండి. పీహెచ్‌డీకి గైడును ఎంచుకునేటప్పుడు, ఆయన విద్యార్థులు ఏ ఫ్యాక్టరీలో ఎన్ని నెలలు గడిపారో అడిగి తెలుసుకోమనండి.