ఆర్‌బీ26 ఇంజన్ ఆర్32 జీటీఎస్-టీలో కూర్చోవాలంటే

తమ్ముడూ, నాలుగు చక్రాలతో నడిచే నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ నుంచి తీసిన ఆర్‌బీ26 ఇంజన్ నీ ఆర్32 స్కైలైన్ జీటీఎస్-టీలో క్రాస్‌మెంబర్‌కు (ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలానికి) తగులుతోందన్నావు. దయచేసి క్రాస్‌మెంబర్ కోయకు. ఇంజన్ కింద సంప్ (ఆయిల్ నిలిచే తొట్టి) చూడు: ముందు చక్రాల డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) దానికే బిగించి ఉంటుంది, షాఫ్ట్ సంప్ మధ్యలోంచి దూరి అవతలికి వెళ్తుంది. వెనక చక్రాలతో నడిచే నీ కారుకు అదేదీ అక్కర్లేదు.

నీ కారులోని పాత ఇంజన్ ఆర్‌బీ20 సంప్ విప్పి దీనికి పెట్టు. సంప్‌లోంచి ఆయిల్ పీల్చే పికప్ పైపు కూడా దానిదే వెయ్యాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. నేనైతే పికప్ జాలీ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, సంప్‌ను ఒకసారి బిగించి విప్పుతాను. ముద్ద 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం మిగిలితే టెన్షన్ లేదు. జాలీ సంప్ అడుగుకు మరీ ఆనుకుంటే ఆయిల్ సరిగా అందదు, బేరింగులు పోతాయి. క్లే పూర్తిగా తుడిచాకే సీలెంట్ పూయి.

గేర్‌బాక్స్ సంగతి: జీటీ-ఆర్‌ది ముందు చక్రాలకూ శక్తి పంపే ట్రాన్స్‌ఫర్ కేస్‌తో వస్తుంది, వద్దు. ఆర్‌బీ20ది బిగుస్తుంది కానీ ఈ టార్క్‌కు ఎక్కువ రోజులు ఆగదు. ఆర్32 తర్వాతి స్కైలైన్ ఆర్33 టర్బోది దొరికితే అదే తీసుకో. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్పించాలి, స్పీడోమీటర్ కేబుల్ కూడా దానికి కుదరదు. క్లచ్ కొనేముందు పుష్ రకమో (నెట్టి విడదీసేది), పుల్ రకమో (లాగి విడదీసేది) గేర్‌బాక్స్ చూసి తేల్చుకో.