లేహ్ పోస్టింగ్: మొదటి ఆరు రోజులే అసలు పరీక్ష

తమ్ముడూ, వచ్చే నెల ఆర్మీ పోస్టింగ్ మీద బెంగళూరు నుంచి లడఖ్‌లోని లేహ్ వెళ్లాలి, అక్కడ ఊపిరాడదేమోనని నిద్ర పట్టట్లేదన్నావు. ఆ భయం సహజమే. బెంగళూరు ఎత్తు సుమారు 900 మీటర్లు, లేహ్‌ది 3,500. విమానంలో దిగితే ఒంటికి అలవాటు పడే వ్యవధే దొరకదు. అందుకే ఆర్మీ మొదటి దశకి ఆరు రోజులు పెట్టింది: రెండు రోజులు విశ్రాంతి, రెండు రోజులు చదునులో నెమ్మదిగా నడక, ఆఖరి రెండు రోజులు కాస్త ఎక్కువ దూరం, కొంచెం ఎత్తు ఎక్కడం.

ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లే ఇక్కడ బోల్తా పడతారు. దిగిన గంటకి బాగానే ఉంటుంది, బరువులు మోసేస్తారు. తలనొప్పి, వికారం మొదలయ్యేది చాలాసార్లు 6 నుంచి 12 గంటల తర్వాత. కూర్చున్నా ఆయాసం, ఆగని పొడిదగ్గు ఉంటే అర్ధరాత్రయినా మెడికల్ వాళ్లని లేపు. అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. ఆక్సిజన్ పెట్టి కిందికి దించాల్సిందే. పిరికివాడంటారని దాచడమే ప్రమాదం. సిగరెట్, మందు ముట్టకు.

కొత్త బూట్లు ఇప్పటి నుంచే తొడిగి నడువు. చెమటకి తడిసిన సాక్స్ వెంటనే మార్చు, చలికి వేళ్లు చచ్చుబడేది అక్కడే.

పెళ్లయిందా? అయితే పార్ట్ టూ ఆర్డర్‌లో (పెళ్లి, పిల్లల వివరాలు సర్వీసు రికార్డుకి ఎక్కించే ఆర్మీ ఉత్తర్వు) మీ ఆవిడ పేరు ఎక్కిందో లేదో క్లర్కు దగ్గర కళ్లారా చూసుకో. చాలామంది వదిలేసేది ఇదే. సిగ్నల్ లేక రెండు మూడు రోజులు ఫోన్ రాకపోవచ్చని ఇంట్లో ముందే చెప్పు. బయల్దేరే తేదీ మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు.