మంత్రి పదవి లేని గంటా: మూడు చోట్ల ఓటేసిన ఒకడి జవాబు

"మంత్రిగా చేసినాయన ఉత్త ఎమ్మెల్యేగా మిగిలితే ఎలా ఉంటుంది? వైజాగ్‌లో గంటా శ్రీనివాసరావు గారి సంగతేంటి?" అని అడిగారు. నేను ఆయన పార్టీ కాదు, అవతలి పార్టీ కాదు. కాకపోతే నేను ఎక్కడికి ఇల్లు మారినా అక్కడ బ్యాలెట్‌లో ఆయన పేరుండేది.

ఆయన సొంతూరు ప్రకాశం జిల్లా. వ్యాపారం కోసం వైజాగ్ వచ్చి ఇక్కడివాడైపోయారు. 1999లో టీడీపీ నుంచి అనకాపల్లి ఎంపీ, 2004లో చోడవరం ఎమ్మెల్యే. 2009లో ప్రజారాజ్యం తరఫున అనకాపల్లిలో నిలబడ్డారు. మా ఇల్లు అప్పుడు అక్కడే, నా మొదటి ఓటూ అక్కడే. ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిశాక, 2012లో కిరణ్ కుమార్ రెడ్డి మంత్రివర్గంలోకి వెళ్లారు. 2014లో మళ్లీ టీడీపీ, ఈసారి భీమిలి. గెలిచి మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు. మా చెల్లెలు టీచర్ ఉద్యోగం కోసం డీఎస్సీకి చదువుతున్న రోజులవి. టీవీలో ఆయన కనిపిస్తే చాలు, అమ్మ వంటింట్లోంచి "తేదీ చెప్పాడేటి?" అని అరిచేది.

అసలు కథ 2019 తర్వాతది. అప్పటికి మేం అక్కయ్యపాలెం వచ్చేశాం. ఆయన కూడా మా విశాఖ ఉత్తరం సీటుకి వచ్చారు! లెక్కింపు రోజు సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి టీవీ చూశాం. రాష్ట్రమంతా టీడీపీకి 23 సీట్లే, ఇక్కడ మాత్రం 1,944 ఓట్లతో ఆయన బయటపడ్డారు. కొట్టు ఓనరు టెన్షన్‌లో టీలో పంచదార రెండుసార్లు వేసేశాడు.

ఆ తర్వాత మంత్రి కాదు, అధికార పక్షమూ కాదు. 2021 ఫిబ్రవరిలో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణకి నిరసనగా రాజీనామా చేశారు. స్పీకర్ దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముందు. అంటే దాదాపు మూడేళ్లు మాకు ఎమ్మెల్యే ఉన్నట్టా, లేనట్టా? వీధి లైటు గురించి అర్జీ రాసి ఎవరికివ్వాలో తెలీక, చివరికి వార్డు సచివాలయంలో ఇచ్చాను. రాజీనామా వెనక ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను, ఉక్కు అంటే ఈ ఊరికి ప్రాణం. కానీ మధ్యలో నలిగింది ఓటరు.

2024 ఎన్నికల్లో పార్టీ చీపురుపల్లి వెళ్లమంటే ఆయన ఇష్టపడలేదు. చివరికి భీమిలి దక్కింది. ఎదుట ముత్తంశెట్టి శ్రీనివాసరావు, అదే అవంతి. ఈయనా మంత్రిగా చేసి 2022లో పదవి పోయి మామూలు ఎమ్మెల్యేగా మిగిలినవారే. ఇద్దరు మాజీ మంత్రుల పోరులో గంటాకి 92,401 ఓట్ల మెజారిటీ వచ్చింది. అయినా కొత్త మంత్రివర్గంలో చోటు దక్కలేదు.

ఎప్పుడూ ఓడని మనిషి అంటారు. నిజమే, కానీ ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు నిలబడింది లేదు. చేసిన పనికి అదే ఊళ్లో ఐదేళ్లకి మార్కులు వేయించుకునే పరీక్ష ఆయన ఇంకా రాయలేదనే నా లెక్క.

మేం ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాం, అది భీమిలి కిందకే వస్తుంది. మొన్న ఫ్రెండ్ ఫోన్ చేసి, "ఈసారి ఎక్కడ ఫ్లాట్ చూస్తున్నావురా? చెప్తే గంటా ఎక్కడ పోటీ చేస్తారో మాకు ముందే తెలిసిపోద్ది" అన్నాడు.